ఏడో పాటకి గొంతు

మా బ్యాండు పేరు తుప్పు. పాత ఇనుము కొట్టు వెనక రేకుల షెడ్డులో పుట్టింది కాబట్టి ఆ పేరు. నా కూతురికంటే వయసులో పెద్దది. కాలేజీల్లో వాయించాం, మేడల మీద వాయించాం, ఒకసారి పశువుల ఆసుపత్రి వార్షికోత్సవంలో వాయించి అక్కడున్న గేదెని కట్టుతాడు తెంచుకుని పరిగెత్తేలా చేశాం. అన్నీ చేశాం గానీ ఆల్బం మాత్రం చెయ్యలేదు. ఇదిగో ఈ ఏడు, అదిగో వచ్చే ఏడు అంటూనే జుట్లు నెరిశాయి. చివరికి ఆ వానాకాలంలో చేశాం.

గిటారు మా ఆయన. పగలు కళ్లజోళ్ల కొట్లో అద్దాలు అరగదీస్తాడు. బేసు గిటారు మా మరిది. పళ్ల డాక్టరు. రోజంతా జనం నోళ్లు తెరిపిస్తాడు గానీ తను మాత్రం నోరు తెరవడు. డ్రమ్ములు పిడుగు. బస్సుల షెడ్డులో మెకానిక్కు. అతని అసలు పేరు అతనికే గుర్తుండదు. నన్ను అక్కా అంటాడు, నా కూతురికి మావయ్య. ఇక పాట నాది. రాసేది నేను, బాణీ కట్టేది నేను, పాడేది నేను. పగలు బస్‌స్టేషన్లో మేడ మీద గాజు గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెబుతాను. ఊళ్లో నా ముఖం తెలిసినవాళ్లు తక్కువ, గొంతు తెలియనివాళ్లు లేరు. కూరగాయల బండి దగ్గర బేరమాడుతుంటే, "మీరు బస్టాండు మేడం కదూ?" అని వంకాయలవాడు గుర్తుపట్టేస్తాడు.

స్టూడియో ఒక అమ్మాయిది. అందరూ ఆమెని ఇంజనీరు అనే పిలుస్తారు. ప్రకటనలకి సంగీతం రికార్డు చేస్తుంది. చదువుకునే రోజుల్లో మా పాటలు విందట. "వానాకాలం నాకు పని తక్కువ. పొద్దుటిపూట వచ్చి చేసుకోండి. మీ ఆల్బం ఇంకా రాలేదంటే మీకంటే నాకే సిగ్గుగా ఉంది" అంది. నేను డ్యూటీ మధ్యాహ్నానికి మార్పించుకున్నాను. ఆల్బంకి ఏం పేరు పెడదాం అని అడిగితే పిడుగు ఆలోచించకుండా "చివరికి" అన్నాడు. అందరం నవ్వాం. ఆ పేరే ఖాయమైంది.

నా కూతురిని అందరూ ఉడుత అంటారు. ఒకచోట కాలు నిలవదు. స్కూలు చదువు అయిపోయి, ఏదో పైచదువుకి దరఖాస్తు పెట్టి, సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఊరికే ఉంది. "నేనూ వస్తా" అంటే సరే రమ్మన్నాం. స్టూడియోలో అతుకులు వేసిన తోలు సోఫా మీద కాళ్లు ముడుచుకుని, పటాలున్న పుస్తకం ఏదో చదువుకుంటూ కూర్చునేది.

మొదటి ఆరు పాటలూ గబగబా అయిపోయాయి. నేను పాడుతుంటే గాజు అవతల ఇంజనీరు కళ్లు మూసుకుని తలూపేది. ఇన్నేళ్లూ దాచుకున్నదేదో వానతోపాటు కురుస్తోందనుకున్నాను. ఏడో పాట దగ్గర మాత్రం, ఏనుగు వెళ్లి తోక చిక్కుకుంది.

ఆ పాట పేరు వరద. మేం పుట్టించిన పాటల్లో జనం నోట నిలిచింది అదొక్కటే. దాని పల్లవి:

రానీ, వరదను రానీ
నా గుమ్మం దాకా రానీ

చివరి 'రానీ'లో 'నీ' దగ్గర గొంతు ఒక్కసారిగా మిద్దె ఎక్కాలి. ఎక్కి అక్కడే నిలబడాలి, గిటారు వచ్చి కలిసేదాకా. ఆ పాట కట్టినప్పుడు అదొక ఎత్తు అని కూడా నాకు తెలియదు. ఇప్పుడు పాడితే 'రా' వస్తోంది, 'నీ' రావడం లేదు. వచ్చినా చిరిగి వస్తోంది. మళ్లీ, మళ్లీ, ఇంకోసారి. చిరుగు పెరుగుతోందే తప్ప గుడ్డ కనిపించడం లేదు.

"మేడం, శ్రుతి కాస్త దించుదామా?" అని ఇంజనీరు మెల్లగా అడిగింది.

"దించితే గిటారు చచ్చిపోతుంది" అన్నాడు మా ఆయన. "ఆ మోతంతా వేలు పెట్టకుండా మోగే తీగల మీదే ఉంది."

"గిటారు చావకూడదు, నేను చచ్చినా ఫర్వాలేదా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"అయితే మీ గొంతుకి విశ్రాంతి ఇద్దాం. ఈలోగా డ్రమ్ములు కానిచ్చేద్దాం. ఆయనకి దారి తెలియడానికి ఎవరైనా ఊరికే పాడితే చాలు, దాన్ని తర్వాత తీసేస్తాం." ఇంజనీరు చుట్టూ చూసింది. "పాపా, ఈ పాట నీకొచ్చా?"

ఉడుత పుస్తకంలోంచి తలెత్తింది. "రాకపోవడమేంటండీ? ఊయల్లోంచి వింటున్నా."

లోపలికి వెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. రెండు చేతులూ పాంటు జేబుల్లో పెట్టుకుంది. పాడింది.

ఆ 'నీ' దగ్గరికి వచ్చేసరికి నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, పడిపోయేది నేనే అన్నట్టు. అది పడలేదు. ఎక్కలేదు కూడా. ముందునుంచీ అక్కడే ఉన్నట్టుగా అక్కడ నిలబడింది. చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.

పాట అయ్యింది. డ్రమ్ముల వెనకనుంచి పిడుగు "ఓరి నాయనో" అన్నాడు. మా మరిది నోరు తెరిచాడు, మాట్లాడటానికి కాదు, ఊరికే. మా ఆయన ముఖం వెలిగిపోతోంది.

అందరికంటే ముందు నవ్వింది నేనే. "భలే పాడావే!" అన్నాను. ఆ మాట గొంతులోంచి బయటికి రావడానికి, ఆ 'నీ' కంటే ఎక్కువ కష్టపడింది.

ఆ రోజునుంచి ఇంట్లో ఒక కొత్త రోగం మొదలైంది. ఉడుత స్నానానికి వెళ్తే కూనిరాగం తీసేది. ఎప్పుడూ తీసేదే. అంతకుముందు అది నా చెవిన పడేది కాదు. ఇప్పుడు కుక్కర్ కూతలోంచీ, బట్టల మెషీను రొదలోంచీ ఏరుకుని మరీ వినేదాన్ని. ఎక్కడ తప్పుతుందా అని వినేదాన్ని. బకెట్టులో నీళ్లు పడుతున్నప్పుడు అది దేన్నో తలచుకుని గొంతు పైకి విసిరేది, బంతి విసిరినట్టు. అది తిరిగి కిందికి వచ్చేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు.

నేనేమో వేడినీళ్ల ఆవిరి పట్టేదాన్ని. తల మీద తువ్వాలు కప్పుకుని గిన్నె మీదికి వంగి ఉంటే, పక్క గదిలో మా ఆయన ఫోనులో ఆ పాట పెట్టుకుని వింటున్నాడు. ఊరికే దారి కోసం పాడింది, తీసేస్తామన్నది. ఎవరూ తీసెయ్యలేదు.

"ఇలా రా, ఇది విను" అన్నాడు. "అచ్చం నువ్వే. నీకు పాతికేళ్లప్పుడు పాడినట్టే లేదూ?"

పుండు మీద కారం చల్లడం కూడా ప్రేమగా చల్లుతాడు మా ఆయన. "అయితే ఇన్నాళ్లూ నీ పక్కన పాడుతున్నదెవరు?" అన్నాను తువ్వాలు తియ్యకుండానే.

"ఛ, నేనన్నది అది కాదు."

"తెలుసు."

"మన పిల్లేగా. బయటిదానికి పోయిందా ఏమన్నా?"

అక్కడే ఉంది బాధంతా. బయటిదైతే తిట్టుకోవచ్చు. పక్కింటి పిల్లైతే, ముక్కుతో పాడుతోందనో, ఒళ్లు కొవ్వనో ఓ మాట అనేసి తేలికపడొచ్చు. దీన్ని కన్నది నేనే, గొంతిచ్చింది నేనే. ఇచ్చిన చెయ్యే ఖాళీగా మిగిలి, తీసుకున్న చేతి వంక చూస్తోంది. పిల్లలు మనల్ని మించిపోవాలని అందరం అంటాం. మనం ఉండగానే, మన ముందే, మన పాటలోనే మించిపోవాలని ఎవరు అనుకుంటారు?

బస్‌స్టేషన్లో నా గొంతు బొంగురుపోయింది. ఏడో ప్లాట్‌ఫారం అనబోయి దగ్గు వచ్చింది. స్టేషను మాస్టరు గాజు తలుపు తోసుకుని లోపలికి వచ్చి, "ఏంటమ్మా, బస్సు వస్తోందని చెబుతున్నావా, బెదిరిస్తున్నావా?" అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని. ఆ రోజు మైకు కట్టేసి కిందికి చూస్తూ కూర్చున్నాను. ఒక తల్లీ కూతురూ తడిసిన గొడుగు ఒకటే పట్టుకుని బస్సు కోసం పరిగెడుతున్నారు. కూతురు ముందు, తల్లి వెనక. తల్లికి ఆయాసం. కూతురు బస్సెక్కేసి, తలుపు దగ్గర నిలబడి చెయ్యి చాచింది. తల్లి ఆ చెయ్యి పట్టుకోలేదు. కమ్మీ పట్టుకుని తనంతట తానే ఎక్కింది. ఆవిడెవరో గానీ నాకు చుట్టమనిపించింది.

రెండు రోజులు ఉడుతని స్టూడియోకి రావద్దన్నాను. ఇంట్లో బట్టలు ఆరడం లేదు, కాస్త చూసుకోమన్నాను. అది ఎదురు మాట్లాడలేదు. వంటింట్లో తాడు కట్టి తడిబట్టలు ఆరేస్తూ, నా జాకెట్టు ఒకటి దులుపుతూ అడిగింది.

"అమ్మా, నా మీద కోపమా?"

"కోపమెందుకే?"

"ఏమో. నేను గదిలోకొస్తే నువ్వు పాట ఆపేస్తున్నావు."

"గొంతు బాలేదు."

"నాతో మాట్లాడేటప్పుడు కూడానా?"

"క్లిప్పులు గట్టిగా పెట్టు, ఫ్యాను గాలికి ఎగిరిపోతాయి" అన్నాను.

ఆ వారంలోనే ఒకరోజు అందరం స్టూడియో బయట మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాం. వాన అప్పుడే ఆగింది. ఎవరూ అసలు విషయం ఎత్తడం లేదు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలా అని చూస్తున్నారు. ఎన్నడూ లేనిది మా మరిదే నోరు విప్పాడు.

"వదినా, వరద పాట ఉడుత పాడితే బాగుంటుంది."

పిడుగు టీ గ్లాసులోకి చూస్తున్నాడు. మా ఆయన నా వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు. వాళ్లు ముందే మాట్లాడుకున్నారని తెలిసిపోయింది.

"నేనే చెబుదామనుకుంటున్నా" అన్నాను. "పాడనివ్వండి. ఎవరు పాడితే ఏం, పాట తుప్పుదేగా."

"అక్కా, నీ మనసు బంగారం" అన్నాడు పిడుగు.

బంగారమైతే ఇంత మండుతుందా అనుకున్నాను.

మర్నాడు ఉడుత స్టూడియో గాజు గదిలోకి వెళ్లింది. నేను ఇంజనీరు పక్కన కూర్చున్నాను. మా ఆయన పిల్లకంటే ఎక్కువ కంగారుపడుతున్నాడు. చరణం బాగా పాడింది. పల్లవి దగ్గరికి వచ్చింది. 'రానీ' అంది. 'నీ' మిద్దె మీదికి పూర్తిగా ఎక్కలేదు. ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది.

"ఫర్వాలేదు పాపా, మళ్లీ" అంది ఇంజనీరు.

మళ్లీ పాడింది. మళ్లీ ఆగింది. నీళ్లు తాగించారు. దీపాలు తగ్గించారు. పిడుగు గాజు అవతలనుంచి కోతిలా గంతులేసి నవ్వించాడు. ఎన్నిసార్లు పాడినా ఆఖరి మెట్టు మీదే.

"మొన్న అనుకోకుండా వచ్చినట్టుంది" అన్నాడు మా ఆయన. గాలి తీసేసిన చక్రంలా అయ్యాడు.

"అవుతుందండీ" అంది ఇంజనీరు. "ఊరికే పాడినప్పుడు వస్తుంది, కావాలని పాడితే రాదు. చిన్నపిల్ల కదా. శ్రుతి దించి మేడం చేతే పాడిద్దాం. గిటారు సంగతి నేను చూసుకుంటా."

ఆ మాట వినగానే నా లోపల ఏదో చల్లబడింది. అబద్ధం చెప్పను, సంతోషం కలిగింది. నా పాట నాకు తిరిగొచ్చింది. లేచి నిలబడ్డాను కూడా, లోపలికి వెళ్దామని. అప్పుడు ఇంజనీరు, ఏది కాస్త నయంగా వచ్చిందో చూద్దామని, ఉడుత పాడినవన్నీ వరసగా పెట్టి వినిపించింది. రానీ. రానీ. రానీ. రానీ.

శ్రుతి తప్పేవాళ్లు ఒక్కోసారి ఒక్కోలా తప్పుతారు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ, ఒకసారి అదృష్టం బాగుండి సరిగ్గా. ఇది అలా లేదు. ప్రతిసారీ అదే చోట, గోరంత కూడా తేడా లేకుండా, అంతే తక్కువ. నేను జన్మంతా పాడినా, సరిగ్గా పాడేటప్పుడు కూడా అంత కచ్చితంగా పాడలేదు. ఇది తప్పులో కూడా నన్ను మించిపోయింది.

గాజు గది తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, వెనక తలుపు వేశాను. ఉడుత హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని నిలబడి ఉంది.

"నాకు ముష్టి వేస్తున్నావా?" అన్నాను.

అది నేలకేసి చూసింది. "కాదమ్మా."

"మరేంటే?"

"నువ్వు ఆ పాట కోసం ఆవిరి పట్టుకుంటున్నావు. నాకు దాంతో ఏం పనుంది? నువ్వే పాడు."

"నాకు రాదు."

ఆ మాట నేను అంతకుముందు ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో కూడా. దాని ముఖంలో ఏదో మారింది, తడబడింది.

"నేను పాడితే నువ్వు ఏడుస్తావు" అంది.

"ఏడిస్తే ఏడుస్తాను, అది నా గొడవ. నా పాటని మాత్రం పాడుచెయ్యకు. పెట్టుకో హెడ్‌ఫోన్లు."

ఇంజనీరుకి చెయ్యెత్తి సైగ చేశాను. నేను బయటికి వెళ్లాకే మొదలుపెడుతుందనుకున్నాను. ఆమె మీట నొక్కేసింది. లోపల ఎర్ర దీపం వెలిగింది. ఇక నేను కదిలితే నా చెప్పుల చప్పుడు కూడా పాటలోకి వెళ్లిపోతుంది. గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

నా కూతురికి నాకు మధ్య మూరెడు దూరం. చెవుల్లో తాళం దానికి వినిపిస్తోంది, నాకు గొంతు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. డ్రమ్ములు లేవు, గిటారు లేదు. ఉత్త గొంతు. అది నన్నే చూస్తూ పాడింది. ఈసారి చేతులు జేబుల్లో లేవు. పల్లవి వచ్చింది. 'రా' అంది. మెడ దగ్గర నరం కదలడం చూశాను. 'నీ' వచ్చింది.

దగ్గలేను, తల తిప్పుకోలేను, ముక్కు చీదుకోలేను. అది ఎంతసేపు నిలబెడితే అంతసేపూ ఊపిరి బిగబట్టి ఆ గొంతు కిందే నిలబడాలి. అంత బాగున్నదాన్ని అంత దగ్గరగా నేనెప్పుడూ వినలేదు. వింటున్నంతసేపూ నా మనసు ఒకటే మాట అంటోంది: ఇది నాది కావలసింది, ఇది నాది కావలసింది.

ఎర్ర దీపం ఆరిపోయింది. "అయిపోయింది" అంది ఇంజనీరు స్పీకరులో. ఆమె గొంతు కూడా తడిగా ఉంది.

ఉడుత హెడ్‌ఫోన్లు తీసి నా వైపు అడుగు వేసింది. నేను దాని నుదుటి మీది జుట్టు వెనక్కి తోసి, "నీళ్లు తాగు" అని బయటికి వచ్చేశాను. నాకు బస్సుల టైమైంది.

వానలు తగ్గుముఖం పట్టాక ఆల్బం బయటికి వచ్చింది. వచ్చిన వారానికే ఏడో పాట ఊరంతా తిరగడం మొదలుపెట్టింది. బస్సు డ్రైవర్లు పెట్టుకున్నారు, టీ కొట్లో పెట్టారు. నా గాజు గది కింద బెంచీ మీద ఒక కుర్రాడు ఫోనులో అదే పాట పెట్టుకుని తలూపుతుంటే, పైనుంచి నేను అతని బస్సు ఎక్కడ ఆగిందో చెబుతున్నాను. పాట రాసిందీ కట్టిందీ ఆ పై గొంతేనని అతనికి ఎలా తెలుస్తుంది? కూచమ్మ కూడబెడితే మాచమ్మ మాయం చేసిందని ఊరికే అన్నారా!

అప్పుడే ఉడుతకి సీటు వచ్చింది. ఓడలో తిరుగుతూ సముద్రం అడుగున లోతులు కొలిచే చదువట. అది చదువుతున్న పటాల పుస్తకాలన్నీ దానికోసమేనట. మేమెవ్వరం అడగనే లేదు. పెట్టె సర్దుకుంటుంటే మా ఆయన తలుపు దగ్గర నిలబడి బతిమాలాడు.

"ఒక్క ఏడాది ఆగవే. మొదటి కచేరీ నెలాఖరుకే. జనం నీకోసమే వస్తారు."

"నాన్నా, నాకు పాడటం అంత ఇష్టం లేదు" అంది, సాక్సులు ఉండచుడుతూ. "అమ్మ పాడమంది కదా అని పాడా. ఆ గదిలో నాకు ఊపిరాడదు. హెడ్‌ఫోన్లు పెడితే తలనొప్పి."

"ఇష్టం లేదా?" అన్నాను నేను.

"బానే ఉంటుందిలే. స్నానం చేసేటప్పుడు."

అది అంత మామూలుగా అంది. ఆ వానాకాలమంతా నేను పడ్డ కుళ్లు ఒక ఎత్తు, ఆ ఒక్క క్షణం పడ్డది ఒక ఎత్తు. గొంతు ఉన్నందుకు కుళ్లుకోవడం వేరు. అంత గొంతు ఉండి, దాన్ని సబ్బుపెట్టె పక్కన పెట్టేసి, వెనక్కి తిరిగి చూడకుండా సముద్రం మీదికి పోగలిగినందుకు కుళ్లుకోవడం వేరు. నాకు అది కూడా చేతకాదు. పాట నన్ను వదిలేసినా, నేను పాటని వదలలేను.

బస్సెక్కించడానికి నేనే వెళ్లాను. నా స్టేషనే కదా. కిటికీలోంచి అది నా చెయ్యి పట్టుకుని, "కచేరీలో ఏడిపించకుండా పాడు" అంది. ఈసారి నవ్వాను. అది నిజమైన నవ్వే.

కచేరీకి జనం బాగానే వచ్చారు. ఏడో పాట వాళ్లు అడగకముందే మా ఆయన గిటారు తీగలు వదులు చేసి, శ్రుతి దించాడు. కిందినుంచి పాడాను. మోత కాస్త మెత్తబడింది గానీ చావలేదు. చప్పట్లు కొట్టారు. రికార్డుకి కొట్టినంత కాదు, మనిషికి కొట్టినంత కొట్టారు.

తీగలు చుట్టుకుంటుంటే ఒక కాలేజీ పిల్ల వేదిక దగ్గరికి వచ్చింది. చేతిలో మా ఆల్బం సీడీ ఉంది.

"ఆంటీ, రికార్డులో ఈ పాట పాడినావిడ రాలేదా?"

"రాలేదమ్మా."

"అయ్యో. మళ్లీ ఎప్పుడు పాడతారు?"

"పాడదు. ఆమెకి పాటలంటే అంత ఇష్టం లేదు."

ఆ పిల్ల నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూసింది. ఓర్వలేక అలా అంటున్నాననుకుంది. ఆల్బం గుండెలకి అదుముకుని వెళ్లిపోయింది.

పిలిచి చెబుదామనుకున్నాను, ఆమె నా కూతురని, నేనన్నది అక్షరాలా నిజమని. తర్వాత ఊరుకున్నాను. ఆ పిల్ల అనుకున్నది కూడా నిజమే కదా.